అల్పాకా, లామాల ఉన్ని నాణ్యత: జన్యువుల పాత్ర, ఎంపికలో మెలకువలు

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో సముద్రమట్టానికి సుమారు 3,800 నుంచి 4,800 మీటర్ల ఎత్తున ‘పునా’ అనే చలి గడ్డిమైదానాలు విస్తరించి ఉన్నాయి. రాత్రివేళ మంచు గడ్డకట్టే ఈ ప్రాంతంలో బంగాళాదుంప, కినోవా వంటి మొండి పంటలు కూడా ఒక హద్దు దాటి పండవు. ఆ హద్దుకు పైన నివసించే క్వెచువా, ఐమారా కుటుంబాలకు అల్పాకా, లామా మందలే ప్రధాన జీవనాధారం. మాంసం, ఎరువు, ఇంధనంగా పిడకలు, బరువుల రవాణా ఈ జంతువుల నుంచే లభిస్తాయి. అయితే చేతికి నగదు తెచ్చేది ముఖ్యంగా ఉన్ని.

ఉన్ని విలువ దాని సన్నదనాన్ని బట్టి ఉంటుంది. ఒక్కో పోగు వ్యాసం కొన్ని మైక్రాన్లు తగ్గితే అదే ఉన్ని దుప్పటికి బదులు శాలువాకు పనికివస్తుంది. ఈ సన్నదనం చాలావరకు వంశపారంపర్య లక్షణం. వెయ్యేళ్ల క్రితం ఆండీస్ పెంపకందారుల మందలలో నేటి సగటు అల్పాకా కంటే సన్నని, ఏకరూపమైన ఉన్ని గల జంతువులు ఉండేవని పురావస్తు ఆధారాలు తెలుపుతున్నాయి. ఆ సంపద ఎలా క్షీణించింది, దానిని తిరిగి సాధించే మార్గం ఏమిటి అన్న ప్రశ్నలకు జన్యుశాస్త్రం ఇచ్చే సమాధానాలు ఉన్ని, మాంసం కోసం జీవాలను పెంచే ఏ ప్రాంతానికైనా ఉపయోగపడతాయి.

రెండు వన్యజాతులు, రెండు పెంపుడు జాతులు

దక్షిణ అమెరికా ఒంటె కుటుంబంలో నాలుగు జాతులున్నాయి. వికూన్యా, గ్వనాకో వన్యజాతులు. అల్పాకా, లామా పెంపుడు జాతులు. ఈ నాలుగింటిలోనూ క్రోమోజోముల సంఖ్య 74. అందువల్ల ఏ రెండింటిని సంకరం చేసినా సంతానం కలుగుతుంది. ఆ సంతానానికి కూడా ప్రజనన సామర్థ్యం ఉంటుంది. ఈ ఒక్క అంశమే ఈ జంతువుల చరిత్రను ఎంతగానో ప్రభావితం చేసింది.

పెరూ పునాలో సుమారు 6,000 నుంచి 7,000 ఏళ్ల క్రితమే ఈ జంతువులను మచ్చిక చేసుకున్నట్లు తెలార్మచాయ్ గుహాశ్రయంలో లభించిన ఎముకలు సూచిస్తున్నాయి. లామా గ్వనాకో నుంచి వచ్చిందన్న విషయంలో పెద్దగా వివాదం లేదు. అల్పాకాను మాత్రం చాలాకాలం లామా ప్రజాతిలోనే చేర్చారు. జేన్ వీలర్, ఆమె సహచరులు 2001లో ప్రచురించిన డీఎన్ఏ విశ్లేషణ అల్పాకా మూలం వికూన్యాయేనని తేల్చింది. దాని ఫలితంగా శాస్త్రీయ నామం ‘వికూన్యా పాకోస్’గా మారింది.

వికూన్యా ఉన్ని వ్యాసం సుమారు 12 నుంచి 13 మైక్రాన్లు. జంతువుల ఉన్నిలో అత్యంత సన్నని వాటిలో అది ఒకటి. అల్పాకా సన్నదనానికి జన్యుమూలం అక్కడే ఉన్నది.

ఎల్ యారాల్ అవశేషాలు చెప్పిన సంగతి

దక్షిణ పెరూలోని మొకేగువా లోయలో ఎల్ యారాల్ అనే ప్రాచీన స్థావరం ఉన్నది. అక్కడ ఇళ్ల నేలల కింద బలిగా పూడ్చిన అల్పాకాలు, లామాలు ఎడారి వాతావరణం వల్ల చర్మం, ఉన్నితో సహా ఎండి భద్రంగా మిగిలాయి. వాటి వయస్సు సుమారు 900 నుంచి 1,000 సంవత్సరాలు. అంటే ఇన్కా సామ్రాజ్యం కంటే పూర్వకాలానికి చెందినవి. వీలర్ బృందం 1995లో వెల్లడించిన కొలతల ప్రకారం ఆ అల్పాకాలలో రెండు రకాలు కనిపించాయి. అతిసన్న రకం ఉన్ని సగటు వ్యాసం సుమారు 18 మైక్రాన్లు, సన్న రకానిది సుమారు 24 మైక్రాన్లు. లామాలలో సైతం 22 మైక్రాన్ల పరిసరాల్లో సన్నని ఉన్ని గల రకం ఒకటి ఉండేది. వ్యాసం తక్కువగా ఉండటమే కాక, పోగుకూ పోగుకూ మధ్య తేడా కూడా స్వల్పంగా ఉండటం ఇక్కడ గమనార్హం.

ఇటువంటి ఏకరూపత యాదృచ్ఛికంగా రాదు. తరతరాలుగా ఎంపిక చేసి, రకాలను వేరువేరుగా పెంచినప్పుడే సాధ్యమవుతుంది. తరువాతి కాలంలో ఇన్కా రాజ్యం కూడా తన మందలను రంగుల వారీగా వేరుచేసి, లెక్కలు ఉంచి పెంచింది. ‘కుంబి’ అనే మేలిమి వస్త్రం ఆ రాజ్యంలో బంగారంతో సమానమైన గౌరవం పొందింది.

1532లో స్పానిష్ ఆక్రమణ మొదలయ్యాక ఈ వ్యవస్థ కుప్పకూలింది. యుద్ధాలు, వ్యాధులు, గొర్రెలు, పశువుల ప్రవేశం వల్ల మందలలో అత్యధిక భాగం నశించింది. పెంపకం తెలిసిన జనాభా కూడా భారీగా తగ్గింది. మిగిలిన జంతువులు పర్వతాలపై ఎత్తయిన చోట్లకు చేరి, రకాల భేదం లేకుండా కలిసిపోయాయి. అల్పాకా, లామాల మధ్య సంకరం విస్తరించింది. 2020లో వెలువడిన ఒక జీనోమ్ అధ్యయనం ఈ చరిత్రకు సంఖ్యారూపం ఇచ్చింది. నేటి అల్పాకా జీనోమ్‌లో సుమారు 36 శాతం లామా నుంచి వచ్చినదని, ఆక్రమణ కాలపు సంకరణమే దానికి కారణం కావచ్చునని ఆ అధ్యయనం తేల్చింది. సన్నదనం తగ్గడంలో పోషణ లోపం కంటే జన్యు మిశ్రమానిది, ఎంపిక ఆగిపోవడానిది పెద్ద పాత్ర అన్న వాదనకు దీనివల్ల బలం చేకూరింది.

పోగు ఎలా ఏర్పడుతుంది?

చర్మంలోని రోమకూపాలు రెండు విధాలు. గర్భస్థ దశలో ముందుగా ఏర్పడేవి ప్రాథమిక రోమకూపాలు. వాటి చుట్టూ గుంపుగా తరువాత ఏర్పడేవి ద్వితీయ రోమకూపాలు. వన్యజాతులలో ప్రాథమిక కూపాల నుంచి ముతక కాపు వెంట్రుకలు, ద్వితీయ కూపాల నుంచి సన్నని లోపలి ఉన్ని వస్తాయి. ఈ అమరికను రెండు పొరల ఉన్ని అంటారు. మంచి అల్పాకాలో ఈ రెండింటి మధ్య తేడా చాలావరకు తగ్గి, ఉన్ని దాదాపు ఒకే పొరగా మారుతుంది. చర్మంలో ద్వితీయ కూపాల సాంద్రత పెరిగే కొద్దీ పోగులు సన్నబడటం సాధారణంగా కనిపిస్తుంది.

పోగు ప్రధానంగా కెరాటిన్ అనే ప్రొటీన్‌తో నిర్మితమైనది. పైభాగంలో పొలుసులు, వాటి లోపల వల్కలం ఉంటాయి. కొన్ని పోగులలో నడిమధ్యన మెడుల్లా అనే గాలి నిండిన గుల్ల భాగం కూడా ఉంటుంది. గొర్రె ఉన్నితో పోలిస్తే అల్పాకా పోగు పొలుసుల అంచులు తక్కువ ఎత్తులో ఉంటాయి. అందుచేత స్పర్శకు నునుపు. జిడ్డు పదార్థం కూడా తక్కువ కాబట్టి, కడిగిన తరువాత మిగిలే ఉన్ని శాతం ఎక్కువ.

నాణ్యతా ప్రమాణాలు

ఉన్నిని ప్రయోగశాలలో కాంతి ఆధారిత పరికరాలతో కొలుస్తారు. ఎంపికలో ముఖ్యంగా పరిగణించే అంశాలు ఇవి:

1. సగటు పోగు వ్యాసం, మైక్రాన్లలో.
2. వ్యాసంలోని వైవిధ్యం: ప్రామాణిక విచలనం, విచలన గుణకం.
3. సౌఖ్య గుణకం: 30 మైక్రాన్లు, అంతకు తక్కువ వ్యాసం గల పోగుల శాతం.
4. మెడుల్లా గల పోగుల శాతం.
5. పోగు పొడవు, బలం, ఉన్ని బరువు.

2004 నాటి పెరూ సాంకేతిక ప్రమాణం ప్రకారం 23 మైక్రాన్ల వరకు ఉన్న ఉన్నిని ‘బేబీ’ అంటారు. 23.1 నుంచి 26.5 వరకు ‘ఫ్లీస్’, 26.6 నుంచి 29 వరకు ‘మీడియం ఫ్లీస్’, 29.1 నుంచి 31.5 వరకు ‘వారిసో’, ఆపైన ఉన్నది ముతక తరగతి. ‘బేబీ’ అంటే పిల్ల జంతువు ఉన్ని అని చాలామంది భావిస్తారు. వాస్తవానికి అది వ్యాసానికి పెట్టిన పేరు. పెద్ద జంతువు నుంచి కూడా ఆ తరగతి ఉన్ని రావచ్చు. అలాగే ‘వారిసో’ అనేది మగ లామాకు, ఆడ అల్పాకాకు పుట్టిన సంకర జంతువు పేరు. ముతకదనానికి సంకరణమే కారణమన్న పెంపకందారుల అనుభవం ఆ తరగతి పేరులోనే నిలిచిపోయింది.

సన్నదనం ఎంతవరకు వంశపారంపర్యం?

సగటు పోగు వ్యాసం బహుజన్యు లక్షణం. ఏ ఒక్క జన్యువూ దానిని శాసించదు. స్వల్ప ప్రభావం గల అనేక జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి. అటువంటి లక్షణంలో జంతువుల మధ్య కనిపించే తేడాలలో ఎంత భాగం తరువాతి తరానికి సంక్రమించే జన్యుభేదాల వల్ల వచ్చిందో తెలిపే సంఖ్యే అనువంశికత. న్యూజిలాండ్ మందలపై 2000లో వెలువడిన అంచనాలో పోగు వ్యాసం అనువంశికత 0.73. పెరూలోని పునో ప్రాంతంలో పాకోమార్కా ప్రజనన క్షేత్రం నుంచి వచ్చిన విస్తృతమైన లెక్కలలో హువకాయా రకానికి ఇది సుమారు 0.4. మందను బట్టి, లెక్కించే పద్ధతిని బట్టి ఈ సంఖ్య మారుతుంది. తక్కువ అంచనాను తీసుకున్నా ఎంపికకు బాగా లొంగే లక్షణమని స్పష్టమవుతుంది.

విద్యార్థుల అవగాహన కోసం ఒక ఊహాత్మక ఉదాహరణ చూడవచ్చు. ఒక మంద సగటు వ్యాసం 25 మైక్రాన్లు అనుకుందాం. ప్రజననానికి ఎంపిక చేసిన మగ అల్పాకాల సగటు 21, ఆడవాటి సగటు 24. మగవాటి ఎంపిక అంతరం 4, ఆడవాటిది 1. రెండింటి సగటు 2.5. దీనిని 0.4తో గుణిస్తే వచ్చే తరంలో ఆశించదగిన తగ్గుదల 1 మైక్రాన్. తరాల మధ్య వ్యవధి 5 ఏళ్లు అనుకుంటే ఏడాదికి 0.2 మైక్రాన్. అంటే 25 నుంచి 22 మైక్రాన్లకు చేరడానికి పదిహేనేళ్లు పడుతుంది. ప్రగతి నెమ్మదిగా ఉన్నా అది శాశ్వతం; మేత మార్చగానే మాయమయ్యేది కాదు. ఈ లెక్కలో అధిక భాగం మగవాటి ఎంపిక నుంచే వచ్చిందన్నది కూడా గమనించాలి. ఒక మగ జంతువు అనేక ఆడవాటిని కలుస్తుంది కనుక దాని ఎంపికలో జరిగే పొరపాటు కూడా మందంతా వ్యాపిస్తుంది.

వయసు, మేత: కొలతలోని చిక్కులు

అల్పాకా వయసు పెరిగే కొద్దీ పోగు వ్యాసం పెరుగుతుంది. రెండేళ్ల జంతువుకు 22 మైక్రాన్లు రావడం, ఏడేళ్ల జంతువుకు అదే 22 రావడం జన్యుపరంగా సమానం కాదు. రెండవదే మేలైనది. అయినా సంతలో, ప్రదర్శనలో చిన్న వయసు జంతువు ఎక్కువ సన్నగా కనిపించి బహుమతి పొందే అవకాశం ఉన్నది.

మేత ప్రభావం ఇంకా మోసపూరితమైనది. వానలు లేని నెలలలో మేత కొరవడినప్పుడు పోగు సన్నబడుతుంది. ఆండీస్‌లో దీనిని ‘ఆకలి సన్నదనం’ అంటారు. ఇటువంటి పోగు ఒకచోట సన్నబడి బలహీనమై, వడికే యంత్రంలో అక్కడే తెగుతుంది. అటువంటి జంతువును సన్నని ఉన్ని గలదిగా భావించి ప్రజననానికి ఉంచితే, మంచి మేత దొరికిన చోట దాని సంతానం ముతక ఉన్నినే ఇస్తుంది. తడి పచ్చికబయళ్లు పుష్కలంగా ఉన్న మందలో పెరిగిన 24 మైక్రాన్ల జంతువు, ఎండిన కొండవాలున పెరిగిన 22 మైక్రాన్ల జంతువు కంటే జన్యుపరంగా మెరుగైనది కావచ్చు.

కంటికి కనిపించే దృశ్యరూపం నుంచి జన్యురూపాన్ని వేరుచేయడమే ప్రజనన విలువ అంచనా ఉద్దేశం. వయసు, లింగం, రంగు, ఉన్ని కత్తిరించిన సంవత్సరం, మంద వంటి అంశాల ప్రభావాన్ని తొలగించి, తల్లిదండ్రుల, తోబుట్టువుల, సంతానపు కొలతలను కలిపి ప్రతి జంతువుకు ఒక విలువ కడతారు. ఇన్కా టాప్స్ సంస్థ 1992లో స్థాపించిన పాకోమార్కా క్షేత్రం ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. 4,000 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్న ఈ క్షేత్రంలో ప్రతి జంతువు వంశావళిని, ప్రతి కత్తిరింపు కొలతలను కంప్యూటర్‌లో నమోదు చేస్తారు. మాడ్రిడ్‌లోని కంప్లుటెన్సే విశ్వవిద్యాలయ జన్యుశాస్త్రజ్ఞులు ఆ వివరాల ఆధారంగా ప్రజనన విలువలను లెక్కించారు.

సగటు ఒక్కటే చాలదు

ఎంపిక సగటు వ్యాసానికే పరిమితమైతే ఒక ముఖ్యమైన లోపం దాగిపోతుంది. వస్త్రంలోని పోగులలో 30 మైక్రాన్లు మించినవి 5 శాతం దాటితే ఒంటికి గుచ్చుకుంటున్న భావన కలుగుతుంది. మందమైన పోగు కొన చర్మానికి తగిలినప్పుడు వంగకుండా నాడులను ఒత్తుతుంది. సగటు 22 మైక్రాన్లు ఉన్న రెండు ఉన్నులలో ఒకటి మెత్తగా, మరొకటి గుచ్చుకునేదిగా ఉండటానికి కారణం ఇదే. మొదటిదానిలో పోగులన్నీ 22కు దగ్గరగా ఉంటాయి. రెండవదానిలో అధిక భాగం 19 ఉండి, కొన్ని 35 మైక్రాన్ల వరకు ఉంటాయి.

ఆ మందమైన పోగులు ఎక్కువగా ప్రాథమిక రోమకూపాల నుంచి వచ్చినవి, మెడుల్లా గలవి. మెడుల్లా గల పోగు రంగును సమంగా చూపదు. అద్దకం తరువాత తెల్లటి గీతలా తేలిపోతుంది. అందువల్ల వస్త్ర పరిశ్రమ దృష్టిలో ఇది రెండింతల దోషం. పోగు వ్యాసానికి, మెడుల్లా శాతానికి మధ్య ధనాత్మక జన్యు సహసంబంధం ఉన్నది. వ్యాసం తగ్గించే ఎంపిక మెడుల్లాను కూడా కొంత తగ్గిస్తుంది. అయితే ఆ సంబంధం సంపూర్ణం కాదు. మెడుల్లా శాతానికి కూడా అనువంశికత ఉన్నందున దానిని ఎంపిక సూచికలో విడిగా చేర్చితే ప్రగతి వేగవంతమవుతుందని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. ప్రాథమిక, ద్వితీయ పోగుల మధ్య తేడాను తగ్గించడమే ఇక్కడి అసలు లక్ష్యం. ఎల్ యారాల్ పెంపకందారులు సాధించినది కూడా అదే.

లామా: మరుగున పడిన ఉన్ని వనరు

లామాను బరువులు మోసే జంతువుగానే ఎక్కువమంది పరిగణిస్తారు. దానిలో రెండు ప్రధాన రకాలున్నాయి. ‘కారా’ రకానికి ఒంటిపై ఉన్ని తక్కువ, రవాణాకు అనువైనది. ‘చాకు’ రకానికి దట్టమైన ఉన్ని ఉంటుంది. లామాలు అధికంగా ఉన్న బొలీవియాలోనూ, అర్జెంటీనాలోని హుహుయ్ ప్రాంతంలోనూ లామా ఉన్నిపై చెప్పుకోదగిన కృషి జరిగింది.

లామా ఉన్నిలోని ప్రధాన సమస్య రెండు పొరల అమరిక. లోపలి ఉన్ని అల్పాకాతో పోటీపడేంత సన్నగా ఉన్నా, కాపు వెంట్రుకలు దానిలో కలిసి విలువను దిగజారుస్తాయి. దీనికి పరిష్కారాలు రెండు. ముతక వెంట్రుకలను యంత్రంతో వేరుచేయడం మొదటిది; ఇది ప్రతి ఏటా ఖర్చుతో కూడినది. ఒకే పొర ఉన్ని గల జంతువులను ఎంపిక చేసి వృద్ధి చేయడం రెండవది. ఇది నెమ్మదిగా జరిగినా ఫలితం మందలోనే నిలుస్తుంది. అల్పాకాతో సంకరం చేసి లామా ఉన్నిని మెరుగుపరచాలన్న ఆలోచన సులభంగా తోస్తుంది. కాని అది రెండు జాతుల ప్రత్యేకతనూ చెరిపి, నాలుగు శతాబ్దాల నాటి పొరపాటును కొనసాగిస్తుంది.

సూరి, హువకాయా: ఒక ప్రజనన చిక్కు

అల్పాకాలో ఉన్ని రూపాన్ని బట్టి రెండు రకాలున్నాయి. హువకాయా ఉన్ని చర్మం నుంచి నిటారుగా, దట్టంగా, వంకులతో పెరుగుతుంది. సూరి ఉన్ని వంకులు లేక, పట్టువలె మెరుస్తూ, పాయలుగా ఒంటి వెంట వేలాడుతుంది. సూరి సంఖ్య తక్కువ. మందలలో అత్యధికం హువకాయాలే.

సూరి లక్షణం బహిర్గతం, హువకాయా అంతర్గతం అని చాలాకాలంగా తెలుసు. ఒకే జన్యుస్థానం దీనిని నిర్ణయిస్తుందన్న భావన ప్రచారంలో ఉండేది. ఇటలీ, పెరూ పరిశోధకులు 2010లో ప్రచురించిన విశ్లేషణ ఈ భావనను తోసిపుచ్చింది. 17 మగ, 149 ఆడ జంతువులతో జరిపిన సూరి, హువకాయా పరీక్షా సంకరణాలను, సూరి జంటలకు పుట్టిన 587 పిల్లల వివరాలను వారు పరిశీలించారు. ఒకే క్రోమోజోముపై దగ్గరగా ఉన్న రెండు జన్యుస్థానాలలోనూ అంతర్గత యుగ్మవికల్పాలు సమయుగ్మజ స్థితిలో ఉంటేనే హువకాయా పుడుతుందన్న నమూనాకు ఈ వివరాలు సరిపోయాయి. ఆ రెండు స్థానాల మధ్య పునఃసంయోజన రేటు సుమారు 0.099. సూరి జంతువులలో దాదాపు నాలుగింట మూడు వంతులు హువకాయా జన్యువులను మోస్తున్నట్లు కూడా తేలింది.

ఈ తేడా క్షేత్రస్థాయిలో ఎంత ముఖ్యమో ఒక లెక్క ద్వారా తెలుసుకోవచ్చు. ఒక మగ సూరి శుద్ధమైనదో కాదో తెలుసుకోవడానికి దానిని హువకాయా ఆడవాటితో కలిపి, పది పిల్లలను పరిశీలించారనుకుందాం. ఒకే జన్యుస్థానం ఉంటే, విషమయుగ్మజ మగ జంతువుకు ప్రతి పిల్ల హువకాయా అయ్యే అవకాశం సగం. పదీ సూరిలే పుట్టే అవకాశం 1,024లో ఒకటి మాత్రమే. కనుక పది సూరి పిల్లలు పుడితే ఆ మగ జంతువు శుద్ధమైనదని ధైర్యంగా చెప్పవచ్చు. రెండు జన్యుస్థానాల నమూనాలో మాత్రం పరిస్థితి వేరు. ఒక బహిర్గత వికల్పం ఒక క్రోమోజోముపైన, రెండవది దాని జత క్రోమోజోముపైన ఉంటే, రెండు అంతర్గత వికల్పాలూ గల బీజకణాలు పునఃసంయోజన వల్ల మాత్రమే ఏర్పడతాయి. వాటి వాటా సుమారు 5 శాతం. అటువంటి మగ జంతువుకు పదీ సూరి పిల్లలే పుట్టే అవకాశం దాదాపు 60 శాతం. అంటే పది పిల్లల పరీక్షలో నెగ్గిన మగ సూరి కూడా శుద్ధమైనది కాకపోవచ్చు. ధర ఎక్కువ పెట్టి కొన్న సూరికి కొంతకాలానికి హువకాయా పిల్ల పుడితే, అమ్మినవారి మోసమని నిర్ధారించే ముందు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి.

రంగు వైవిధ్యం

తెల్ల ఉన్నికి ఏ రంగునైనా అద్దవచ్చు కనుక మిల్లులు దానినే కోరాయి. ఫలితంగా గోధుమ, నలుపు, బూడిద రంగుల జంతువులు మందలలో తగ్గిపోయాయి. రంగును నిర్ణయించే జన్యువులలో ఎంసీ1ఆర్, ఏఎస్ఐపీ, కిట్ ముఖ్యమైనవి. సంప్రదాయ బూడిద రంగుకు కిట్ జన్యువులోని ఒక మార్పు కారణమని 2019లో నిర్ధారించారు. రెండు ప్రతులూ ఆ మార్పు గలవైతే పిండం బతకదని భావిస్తున్నారు. కనుక రెండు బూడిద రంగు జంతువులను జతకట్టించడం లాభదాయకం కాదు. సహజ రంగులకు ఇప్పుడు మళ్లీ ఆదరణ పెరుగుతున్నందున వాటి సంరక్షణకు ప్రాధాన్యం ఏర్పడింది.

జీనోమ్ యుగంలో

అల్పాకా జీనోమ్ క్రమాన్ని శాస్త్రజ్ఞులు వెలువరించారు. 2019లో మెరుగైన రూపం లభించింది. 2021లో సుమారు 76 వేల జన్యు సూచికలను ఒకేసారి పరీక్షించే చిప్ రూపొందింది. దీనితో రెండు ప్రయోజనాలు సాధ్యం. మొదటిది, పిల్ల తండ్రిని కచ్చితంగా గుర్తించడం. రెండవది, ఉన్ని కత్తిరించే వయసు రాకముందే పిల్ల ప్రజనన విలువను అంచనా వేయడం. రోమాల పెరుగుదలను ఆపే ఎఫ్‌జీఎఫ్5 వంటి జన్యువులపై, కెరాటిన్‌తో కూడి ఉండే ప్రొటీన్ల జన్యువులపై కూడా అధ్యయనాలు సాగుతున్నాయి. అయితే బహుజన్యు లక్షణం కావడం వల్ల ఒక్క జన్యువును పరీక్షించి సన్నదనాన్ని నిర్ణయించడం సాధ్యపడదు. చిప్ విలువ కూడా దాని వెనుక ఉన్న క్షేత్ర కొలతల నాణ్యతపైనే ఆధారపడుతుంది. వేల జంతువుల వయసు, కొలత, వంశం నమోదు కానిదే సూచికలకు అర్థం ఉండదు.

ప్రగతికి అడ్డంకులు

అల్పాకా జీవస్వభావమే ఎంపికను నెమ్మదింపజేస్తుంది. గర్భధారణ కాలం సుమారు పదకొండున్నర నెలలు. ఒక ఈతకు ఒకే పిల్ల. సంభోగం జరిగితేనే అండం విడుదలవుతుంది. వీర్యం చిక్కగా, జిగటగా ఉండటం వల్ల దానిని పలుచన చేయడం, ఘనీభవింపజేయడం కష్టం. ఆవులలో విజయవంతమైన కృత్రిమ గర్భోత్పత్తి ఇక్కడ విస్తరించకపోవడానికి ఇదే కారణం. పిండ మార్పిడి కొన్ని క్షేత్రాలకే పరిమితమైంది.

దీనికి మించిన అడ్డంకి మార్కెట్‌లో ఉన్నది. మందలలో అత్యధికం చిన్న కుటుంబాలవి. దళారి వచ్చి ఉన్నిని తరగతులుగా విడదీయకుండా, మొత్తం కలిపి తూకం ప్రకారం కొంటాడు. పోగు వ్యాసానికి, ఉన్ని బరువుకు మధ్య ధనాత్మక సంబంధం ఉన్నందున ముతక ఉన్ని గల జంతువు ఎక్కువ బరువు ఇస్తుంది. అటువంటి ధరల విధానంలో ముతక జంతువును ఉంచుకోవడమే కుటుంబానికి లాభం. సన్నని ఉన్ని గల మగ జంతువును ఎంపిక చేసిన పెంపకందారు నష్టపోతాడు. విస్తరణ అధికారి ఎంత బోధించినా, తూకం చెప్పే పాఠం దానికి విరుద్ధంగా ఉంటుంది. ఈ కారణంగానే పెరూలో సహకార సేకరణ కేంద్రాలను నెలకొల్పి, ఉన్నిని తరగతుల వారీగా విడదీసి, తరగతిని బట్టి ధర చెల్లించే ప్రయత్నాలు జరిగాయి. తరగతులుగా విడదీసే పనిలో స్థానిక మహిళలు నిపుణులు. చేతి స్పర్శతోనే ఉన్నిని వేరుచేయగల ఈ నైపుణ్యం జన్యు కార్యక్రమానికి అవసరమైన సమాచారాన్ని కూడా అందించగలదు.

తెలుగు ప్రాంతాలకు వర్తించే అంశాలు

అల్పాకా మన వాతావరణానికి చెందిన జంతువు కాదు. దానిని ఇక్కడ ప్రవేశపెట్టవలసిన అవసరం లేదు. అయితే ఈ చరిత్రకు మన ప్రాంతంలో దగ్గరి పోలిక ఉన్నది. తెలంగాణ, రాయలసీమలలో కురుమలు తరతరాలుగా పెంచిన దక్కనీ గొర్రె ముతక నల్ల ఉన్ని నుంచి గొంగడి తయారవుతుంది. మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్నికి ధర పడిపోయిన తరువాత, ఉన్ని లేని నెల్లూరు రకం పొట్టేళ్లతో సంకరం విస్తరించింది. సంకర సంతానంలో ఉన్ని తగ్గింది. దానితో గొంగడి నేసేవారికి ముడిసరుకు కరవైంది. ఆండీస్‌లో అల్పాకా, లామాల మధ్య జరిగిన మిశ్రమానికి, దీనికి మధ్య తేడా ఉన్నా, పాఠం ఒక్కటే. ఒక రకం ప్రత్యేకత కొన్ని తరాలలోనే చెదిరిపోతుంది. దానిని తిరిగి కూర్చడానికి దశాబ్దాలు పడుతుంది.

విస్తరణ శాస్త్రజ్ఞులు గమనించవలసిన అంశాలు:

1. స్థానిక రకం లక్షణాలను మొదట కొలిచి నమోదు చేయాలి. సంకరం జరిగిన తరువాత పోల్చడానికి ప్రాతిపదిక మిగలదు.
2. మగ జంతువు ఎంపికలో వయసు, మేత, మంద తేడాలను సవరించిన తరువాతే నిర్ణయం తీసుకోవాలి.
3. సగటుతో పాటు వైవిధ్యాన్ని కూడా కొలవాలి. ఉత్పత్తి విలువను దిగజార్చేది తరచుగా ఆ కొద్దిపాటి దోషభాగమే.
4. ఒకే జన్యుస్థానం అన్న ఊహతో శుద్ధతను నిర్ధారించరాదు. పరీక్షా సంకరణంలో తగినంత సంఖ్యలో సంతానాన్ని పరిశీలించాలి.
5. నాణ్యతకు ధర లభించే ఏర్పాటు లేనిచోట జన్యు కార్యక్రమం నిలవదు. ఈ రెండూ కలిసి ప్రారంభం కావాలి.

ముగింపు

ఎల్ యారాల్ పెంపకందారులకు డీఎన్ఏ గురించి తెలియదు. అయినా రకాలను వేరుగా ఉంచడం, తగిన మగ జంతువును ఎంచుకోవడం, సన్నని ఉన్నికి సమాజంలో విలువ ఉండటం అనే మూడు షరతులు నెరవేరినందున 18 మైక్రాన్ల ఉన్ని సాధ్యమైంది. నేటి జన్యుశాస్త్రం ఎంపికను మరింత కచ్చితంగా, వేగంగా చేయగల సాధనాలను అందించింది. పోగు వ్యాసపు అనువంశికత గణనీయంగా ఉన్నందున, సన్నదనానికి కారణమైన యుగ్మవికల్పాలు నేటి మందలలో పూర్తిగా అంతరించలేదని, చెదిరి ఉన్నాయని భావించవచ్చు. వాటిని కూడగట్టే కార్యక్రమం విజయవంతం కావాలంటే ప్రయోగశాల కొలతలు, మంద రికార్డులు, పునాలోని చిన్న పెంపకందారుకు తరగతిని బట్టి అందే ధర ఒకదానితో ఒకటి ముడిపడి సాగాలి.